కాసిల్టన్‌లో అమ్మానాన్నలతో రెండు మూడు రోజులు, కారు లేకుండా అవుద్దా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. మే నెలాఖరుకి అమ్మానాన్న షెఫీల్డ్ వస్తున్నారు. లండన్ ఎలాగూ చూపిస్తాను కానీ నాన్న మాత్రం "ఆ బిల్డింగులు ఏం చూస్తాంరా, వాళ్ళ పల్లెటూళ్ళు, పొలాలు ఎట్టా ఉంటాయో చూపించు" అంటున్నారు. అందుకే షెఫీల్డ్ పక్కనున్న కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో, కాసిల్టన్ అనే ఊళ్ళో రూమ్ తీసుకుందామనుకుంటున్నా. నాకింకా లైసెన్స్ రాలేదు. నాన్న బానే నడుస్తారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని ప్యూర్ వెజ్. ఎవరైనా పెద్దవాళ్ళని తీసుకెళ్ళారా?

బస్సుబాబు:
అన్నా కారు అక్కర్లేదు. షెఫీల్డ్ నుంచి 272 బస్సు సీదా ఊర్లనే దింపుతది. రైలంటే హోప్ స్టేషన్ల దిగాలె, ఆడికెల్లి ఊరు మూడు కిలోమీటర్లు ఉంటది, సామాన్లతోని అమ్మను నడిపియ్యకు. ఆదివారం బస్సు టైమింగ్స్ వేరే ఉంటయి, ఆఖరి బస్సు టైమ్ ఫోన్ల ఫోటో తీసి పెట్టుకో ఎందుకంటే కొండల మధ్యల సిగ్నల్ పోతది, నెట్ల చూద్దామంటే రాదు.

పద్మజ_నాటింగ్‌హామ్:
మేం మా అత్తమామల్ని తీసుకెళ్ళాం. ఊరి చుట్టూ నాలుగు గుహలు ఉన్నాయండి, టికెట్ కొనే ముందు మెట్లు ఎన్నో చూసుకోండి. బ్లూజాన్ కేవర్న్‌లో రెండొందలకి పైనే, దిగడం బానే ఉంటది, మళ్ళీ అన్నీ ఎక్కి రావాలి కదా. స్పీడ్‌వెల్‌లో వంద పైచిలుకు మెట్లు దిగాక పడవ ఎక్కిస్తారు, పాతకాలంలో సీసం కోసం తవ్విన సొరంగం అది, నీళ్ళతో నిండి ఉంటది, హెల్మెట్ పెట్టుకుని తల వంచుకుని కూర్చోవాలి. మా మామయ్యగారు తెగ మురిసిపోయారు, అత్తయ్యగారు మాత్రం పైనే కూర్చున్నారు. మీ అమ్మగారికైతే పీక్ కేవర్న్ నయం, ఊళ్ళోంచే వాగు పక్కన నడుచుకుంటూ వెళ్ళొచ్చు. ఒకచోట నడుం వంచి నడవాలి, అంతే. దాని ముఖద్వారం బ్రిటన్‌లో సహజంగా ఏర్పడ్డ గుహల్లోకెల్లా పెద్దదంటారు. ఆ ముఖద్వారం కిందే తాళ్ళు పేనేవాళ్ళు ఇళ్ళు కట్టుకుని కొన్ని వందల ఏళ్ళు బతికారు, టూర్‌లో తాడు పేనడం చేసి చూపిస్తారు కూడా. స్వెటర్ మర్చిపోకండి, మే అయినా సరే లోపల చలే.

కొండగాలి:
గుహలు వానొస్తే చూసుకోవచ్చు సార్, ఎండ ఉంటే మాత్రం మామ్ టార్ కొండ ఎక్కాల్సిందే. 517 మీటర్లు అని బోర్డు చూసి భయపడకండి, పైన నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ దాకా టాక్సీలో పోతే అక్కడి నుంచి శిఖరం నింపాదిగా నడిచినా అరగంట లోపే, రాళ్ళు పరిచిన మెట్లు ఉంటాయి. పైనుంచి ఒకవైపు ఈడేల్ లోయ, ఇంకోవైపు హోప్ లోయ, మధ్యలో సిమెంట్ ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకటి (ఫోటోల్లో అందరూ దాన్ని కట్ చేస్తారు, నాకైతే అదే గుర్తు, దారి తప్పితే దాన్ని చూసుకుంటా). నాన్నగారిని శిఖరం మీద నుంచి హాలిన్స్ క్రాస్ దాకా గట్టు మీదే నడిపించి అక్కడి నుంచి కుడివైపు కాసిల్టన్‌కి దింపండి. ఈడేల్‌లో చర్చి లేని రోజుల్లో శవపేటికల్ని ఈ హాలిన్స్ క్రాస్ మీదుగానే మోసుకొచ్చి కాసిల్టన్‌లో పాతిపెట్టేవారు.

రాళ్ళమాస్టారు:
మామ్ టార్ కింద విరిగిపోయిన రోడ్డు చూడకుండా రావద్దు. అది ఒకప్పుడు షెఫీల్డ్ నుంచి వచ్చే మెయిన్ రోడ్డు, ఏ625. పైన ఇసుకరాయి పొరలు, కింద షేల్ అనే మెత్తటి రాయి, వానలకి ఆ షేల్ నాని కొండ జారుతూనే ఉంటుంది. వాళ్ళూ ఊరుకోలేదు, జారినప్పుడల్లా తారు మీద తారు పోశారు, చివరికి విసిగి 1979లో మూసేశారు. ఇప్పుడు ఆ తారు పొరలు మనిషి ఎత్తున చీలిపోయి ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అందుకే కార్లన్నీ ఇప్పుడు విన్నట్స్ పాస్ అనే సున్నపురాయి ఇరుకులోంచి ఎక్కుతాయి, అది బాగా నిటారు. బ్లూజాన్ రాయి కూడా ఈ కొండల్లోనే, ఊదా పసుపు చారల ఫ్లోరైట్. ట్రీక్ క్లిఫ్ గుహలో ఇప్పటికీ కొద్దికొద్దిగా తవ్వుతారు. ఊళ్ళో షాపుల్లో ఉంగరాలు, లాకెట్లు ఉంటాయి, చిన్న ముక్కకే రేటు గట్టిగా ఉంటుంది, అమ్మగారికి చూపించేముందు పర్సు చూసుకోండి.

కృష్ణాతీరం:
థాంక్సండీ. ఒక డౌటు, నాన్న కచ్చితంగా అడుగుతారు: ఎవరి పొలంలోంచైనా అలా నడిచి పోవచ్చా? మా ఊళ్ళో అయితే గట్టు మీద కొత్త మనిషి కనపడితే "ఎవరయ్యా నువ్వు" అని అడుగుతారు.

కొండగాలి:
పసుపు బాణం గుర్తు ఉంటే అది పబ్లిక్ ఫుట్‌పాత్, పొలం ఎవరిదైనా నడిచే హక్కు మనది, రైతు ఆపకూడదు. నీలం బాణమైతే గుర్రాలకి, సైకిళ్ళకి కూడా. కాకపోతే గేటు ఎలా ఉందో అలాగే వదలాలి, వేసుంటే వెయ్యాలి, తీసుంటే తీసే ఉంచాలి. దూడలున్న ఆవుల మందలోంచి అస్సలు పోవద్దు, చుట్టూ తిరిగి పోండి. సున్నం, సిమెంట్ ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు చూస్తే నాన్నగారు ఆగిపోతారు చూడండి. ఆ గోడల్లో ఎక్కి దాటే మెట్లు ఉంటాయి, అమ్మగారికి కష్టం, ఆవిణ్ణి ఊరి దగ్గర చదును దారిలోనే ఉంచండి.

బీడు కొండల మీద తిరిగే హక్కు కూడా ఊరికే రాలేదు. ఈడేల్ పైన కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది కదా, దాని మీద అప్పట్లో ధనవంతుల పక్షుల వేట, మామూలు జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు కార్మిక కుర్రాళ్ళు, బెన్నీ రాత్‌మన్ అనే కుర్రాడు ముందుండి, వందల మంది గుంపుగా ఎక్కేశారు. కొందర్ని జైల్లో వేశారు. 1951లో ఈ పీక్ డిస్ట్రిక్టే దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది, బీడు కొండల మీద ఎక్కడైనా తిరిగే చట్టం మాత్రం 2000లో గానీ రాలేదు.

నంద్యాలోడు:
అందరూ కొండలు గుహలు చెప్తాండారు, లేడీబవర్ చెప్పరేంది. డర్వెంట్, ఆషోప్టన్ అని రెండూర్లు ఆ రిజర్వాయర్ కింద ఉండాయి. 1940ల్లో నీళ్ళు నింపినారు, సమాధులు తవ్వి శవాలను బామ్‌ఫర్డ్‌లో పూడ్చినారు, చర్చి గోపురం ఒక్కటి నీళ్ళల్లో నిలబడి ఉంటే దాన్ని కూడా 1947లో పేల్చేసినారు. 2018లోన, 2022లోన కరువొచ్చి నీళ్ళు దిగిపోతే డర్వెంట్ ఊరి గోడలు బయటపడినాయి. మాది శ్రీశైలం ముంపు, మా తాత వాళ్ళ ఊరు అట్లే పోయింది, ఎండాకాలం సంగమేశ్వరం గుడి బయటపడితే మా నాయిన ఇప్పటికీ పోయొస్తాడు. పైన డర్వెంట్ డ్యామ్ కాడ ఇంగ్లీషోళ్ళంతా 1943లో బాంబర్ విమానాలు ఇక్కడే ప్రాక్టీసు చేసినాయని ఫోటోలు తీసుకుంటాంటారు, నేను మాత్రం ఆ గోడలే చూసొచ్చినా.

పద్మజ_నాటింగ్‌హామ్:
అయ్యో, మాకు ఈ ఊళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదండీ, డ్యామ్ చూసి వచ్చేశాం. టాక్సీ మాట్లాడుకునేట్టయితే ఈమ్ అనే ఊరు కూడా కలుపుకోండి. 1665లో లండన్ నుంచి టైలర్‌కి వచ్చిన బట్టల మూటతో ప్లేగు వచ్చిందంటారు, జబ్బు చుట్టుపక్కలకి పాకకుండా ఊరంతా తమని తామే నిర్బంధించుకున్నారు, 260 మంది దాకా పోయారు. పొలిమేర రాయి గుంటల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు పెడితే పక్క ఊరివాళ్ళు తిండి వదిలి వెళ్ళేవాళ్ళు. ఇళ్ళ ముందు చనిపోయినవాళ్ళ పేర్లతో బోర్డులు ఉంటాయి.

బస్సుబాబు:
అక్కా సెలవులకొచ్చిన పెద్దోళ్ళకు ప్లేగు ఊరు ఎందుకు, కరోనా యాదికొస్తది 😅

పద్మజ_నాటింగ్‌హామ్:
మా మామయ్యగారు ఎక్కువసేపు నిలబడి చూసింది అదే బాబూ. ఎవరిష్టం వాళ్ళది.

తిండి సంగతి: పబ్బుల్లో వెజ్ అని రాసున్నా గుడ్డు ఉండొచ్చు, అడగండి. బేక్‌వెల్ పుడ్డింగ్ అని అందరూ తినమంటారు, అందులో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి పెట్టకండి. జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) సేఫ్. మేమైతే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్ళాం, వాగు ఒడ్డున బెంచీ మీద తిన్నాం. కిచెన్ ఉన్న రూమే తీసుకోండి.

రాళ్ళమాస్టారు:
మే నెలాఖరు అన్నారు కదా, 29న ఉండేలా చూడండి. కాసిల్టన్‌లో గార్లండ్ డే ఆ రోజే. గంట ఆకారంలో పూలు కట్టిన పెద్ద దండ ఒకటి గుర్రం మీద మనిషికి తల నుంచి నడుం దాకా తొడిగి ఊరేగిస్తారు, తర్వాత దాన్ని తాడుతో చర్చి గోపురం మీదికి లాగుతారు. ఆదివారం పడితే ముందురోజు శనివారం చేస్తారు. అమ్మగారు రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని చూడొచ్చు, ఏ మెట్టూ ఎక్కక్కర్లేదు.

కృష్ణాతీరం:
ఇది సూపర్ అండీ, టికెట్లు అందుకు తగ్గట్టే మారుస్తా. నాన్న చెప్పులతోనే మామ్ టార్ ఎక్కేస్తా అంటున్నారు, పర్లేదా?

కొండగాలి:
ఎండ రోజైతే మెట్ల దాకా ఓకే. హాలిన్స్ క్రాస్ నుంచి దిగేది మట్టి దారి, గొర్రెల పెంటకలు కూడా. బూట్లు కొనిపెట్టండి సార్, షెఫీల్డ్‌లో ట్రెక్కింగ్ షాపులకి కొదవా.