వేడెక్కాక ఆయిల్ దీపం వెలుగుతోంది, పంపు పోయినట్టేనా?

అందరికీ నమస్కారం. మాది పదకొండేళ్ల డీజిల్ కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ సూర్యాపేటలో టీకి ఆగాం. ఇంజిన్ ఆపబోతుంటే ఎర్రటి ఆయిల్ దీపం మిణుకుమిణుకుమంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోతోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే అసలు రాదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ సరిగ్గానే ఉంది. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా పంపు మార్చాలన్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

— తమ్ముడూ, ముందు బండి తీయడం ఆపు. గ్యారేజీకి కూడా లాగించుకునే వెళ్లు. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఎంత ఒత్తిడితో పోతోందని. చాలా కార్లలో ఒత్తిడి సుమారు అర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) కంటే తగ్గితేగానీ అది వెలగదు. అప్పటికే బేరింగుల మీద ఆయిల్ పొర పలచబడి ఉంటుంది.

పంపును ఇంజిన్ ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్, తిప్పుతుంది. అందుకే ఇంజిన్ నెమ్మదిగా తిరిగే ఐడ్లింగ్‌లో ఆయిల్ తక్కువ తోస్తుంది. పైగా వేడికి ఆయిల్ పలచబడుతుంది. లోపల ఏ లోపమున్నా మొదట బయటపడేది అప్పుడే. కానీ ఆ లోపం పంపుదే అనుకోకు. పంపు లోపల ఎప్పుడూ ఆయిల్ ఆడుతూనే ఉంటుంది కాబట్టి అంత తొందరగా అరగదు.

ఆ దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించమను. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఎంత, 2,000 ఆర్‌పీఎంలో ఎంత ఉందో చూసి, నీ బండి మాన్యువల్‌తో పోల్చు. గేజ్‌లో సరిగ్గా ఉంటే స్విచ్ మారిస్తే సరిపోతుంది. తక్కువుంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ దించి, పంపు ఆయిల్ లాగే గొట్టం మూతికి ఉండే జాలీ చూడాలి. నా పాత కారుకు జాలీ నిండా సిలికాన్ గమ్ ముక్కలు, అన్నం మెతుకుల్లా అతుక్కుని ఉన్నాయి. అంతకుముందు చాంబర్ బిగించినవాళ్లు గమ్ ఎక్కువ పూశారు. జాలీ శుభ్రంగా ఉంటే, ఒత్తిడి మరీ పెరిగినప్పుడు ఆయిల్‌ను వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో చూడాలి, ఆ తర్వాత పంపు, బేరింగులు. బేరింగులు అరిగితే కొత్త పంపు వేసినా ఒత్తిడి నిలవదు.

— అన్నా, చిక్కటి ఆయిల్ పోస్తే దీపం ఆరిపోతుందని ఒకాయన అన్నారు. ఇంజిన్ లోపల మందుతో కడిగే ఫ్లష్ కొట్టించమని ఇంకొకరు.

— రెండూ వద్దు. చిక్కటి ఆయిల్‌తో దీపం ఆరుతుందేమోగానీ లోపం అలాగే ఉంటుంది. ఫ్లష్‌కు కదిలిన మడ్డి మళ్లీ జాలీకే అడ్డం పడొచ్చు.

— అన్నా, గేజ్ పెట్టించాను. వేడిమీద ఐడ్లింగ్‌లో 0.4 బార్ వచ్చింది. చాంబర్ దించితే జాలీ ముప్పాతిక వంతు మడ్డితో మూసుకుపోయి ఉంది. గొట్టం దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు రింగు) రాయిలా గట్టిపడింది. రెండూ కొత్తవి వేయిస్తున్నాను. పంపు కూడా విప్పి చూశారు, బాగానే ఉందట.

— మంచి పని చేశావు. పంపు విప్పారంటున్నావు కాబట్టి ఒక్కటి దగ్గరుండి చూసుకో. బిగించే ముందు పంపు గేర్ల మధ్య కొత్త ఆయిల్ పోయించు, పొడిగా ఉంటే కిందినుంచి లాగలేదు. మొదటిసారి ఇంజిన్ అందుకోకుండా డీజిల్ ఆపి, దీపం ఆరేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టమను. ఆ తర్వాతే స్టార్ట్ చేయించు.