లాక్ వేసిన ఫోన్‌లో పైనుంచి లాగే ప్యానెల్ తెరుచుకోవాలా?

మలక్‌పేట_మలుపు:
పోయిన శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కేటప్పుడు నా ఫోన్ కొట్టేశారు. పిన్, వేలిముద్ర రెండూ పెట్టుకున్నాను కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. పక్కాయన ఫోన్ అడిగి రింగ్ ఇస్తే రెండుసార్లు మోగింది. మూడోసారికి అందుబాటులో లేదని వచ్చింది. ఇంటికొచ్చి, పోయిన ఫోన్‌ను వెతికే ఫైండ్ హబ్‌లో చూస్తే మ్యాప్ మీద చుక్క మలక్‌పేట దగ్గరే ఆగి ఉంది. మా తమ్ముడిదీ అదే మోడల్. లాక్ చేసి, పైనుంచి వేలితో కిందికి లాగి చూశాను. వైఫై, టార్చ్ లాంటి బొమ్మలుండే ప్యానెల్ మొత్తం వచ్చింది. సిగ్నల్ ఆపేసే ఏరోప్లేన్ మోడ్ నొక్కితే పిన్ అడగలేదు. ఒక్క లాగుడు, ఒక్క నొక్కుడు, అంతే. లాక్ ఉన్నప్పుడు ఇది తెరుచుకోకుండా కంపెనీలే మూసి ఇవ్వాలంటాను. మీరేమంటారు?

సిమ్‌ట్రే:
దొంగకు ఏరోప్లేన్ మోడ్‌తో పనేముంది బ్రదర్? సిమ్ పీకేస్తాడు.

జగిత్యాల_బిడ్డ:
మీ ఫోన్ పోయినందుకు నిజంగా బాధగా ఉంది అన్నా. కానీ అందరికీ మూసేయమంటే ఒప్పుకోను. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆమె వేళ్లకు గీతలే మిగల్లేదు, సెన్సర్ మీద పదిసార్లు పెట్టినా పడదు. పిన్ నొక్కుదామంటే కళ్లద్దాలు వెతుక్కోవాలి. కరెంటు పోతే చీకట్లో ఫోన్ పైనుంచి లాగి టార్చ్ వేసుకుంటుంది. ఆ బొమ్మ ఎడమ నుంచి రెండోదని చేతికి అలవాటైంది. అది నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మలక్‌పేట_మలుపు:
టార్చ్ మూయమని నేను ఎక్కడ అన్నాను మేడం? నెట్, ఏరోప్లేన్ మోడ్, లొకేషన్, ఈ మూడింటికి పిన్ అడగమంటున్నాను.

జగిత్యాల_బిడ్డ:
"ఇది తెరుచుకోకుండా" అని రాశారు. ప్యానెలే తెరుచుకోకపోతే టార్చ్ ఎక్కడి నుంచి వస్తుంది?

రిపేర్_కౌంటర్:
కొంచెం ఆగండి ఇద్దరూ. ఇది కంపెనీని బట్టి, వెర్షన్‌ని బట్టి మారుతుంది. ఐఫోన్‌లో ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్‌లోకి వెళ్లి, లాక్ ఉన్నప్పుడు కంట్రోల్ సెంటర్ రాకుండా ఆపుకోవచ్చు. అలా ఆపితే ప్యానెల్ మొత్తం పోతుంది. శామ్‌సంగ్‌లో లాక్ స్క్రీన్ కింద సెక్యూర్ లాక్ సెట్టింగ్స్‌లో 'లాక్ నెట్‌వర్క్ అండ్ సెక్యూరిటీ' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే నెట్‌వర్క్ వాటికే పిన్ అడుగుతుంది, టార్చ్ మామూలుగా వెలుగుతుంది. కొన్ని ఫోన్లలో ప్యానెల్ వచ్చినా ఏరోప్లేన్ మోడ్ నొక్కగానే పిన్ అడుగుతాయి. నా కౌంటర్‌కి వచ్చేవాళ్లలో ఈ ఆప్షన్ తెలిసినవాళ్లు చాలా తక్కువ.

సిమ్‌ట్రే:
ఇవన్నీ పెట్టుకున్నా సిమ్ తీస్తే నెట్ పోతుంది కదా. దీనికి జవాబు చెప్పండి.

మలక్‌పేట_మలుపు:
చెబుతాను. సిమ్ తీయాలంటే సన్నటి సూది కావాలి, కవర్ తీయాలి, రద్దీ బస్సులో నిలబడి చేసే పని కాదు. ప్యానెల్ లాగడానికి బొటనవేలు చాలు, జేబులోనే చేసేయొచ్చు. నాకు కావలసింది ఆ పది నిమిషాలు. చుక్క కదులుతుంటే నేను ఆటోలో వెనకే వెళ్లేవాడిని.

సిమ్‌ట్రే:
పవర్ బటన్ నొక్కితే?

మలక్‌పేట_మలుపు:
కొన్ని ఫోన్లు లాక్‌లో ఉంటే ఆఫ్ చేయడానికీ పిన్ అడుగుతున్నాయి. 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 వచ్చాక ఐఫోన్ 11, ఆ తర్వాత వచ్చిన చాలా మోడళ్లు ఆఫ్ చేసినా మ్యాప్ మీద కనిపిస్తాయి. అంటే కంపెనీలకు చేతకాక కాదు.

సిమ్‌ట్రే:
ఐఫోన్ మాట ఎత్తకండి. కంట్రోల్ సెంటర్‌లో వైఫై నొక్కితే ఆఫే కాదు. ఐఓఎస్ 11 నుంచి ఇదే తంతు. ఉన్న కనెక్షన్ తెగుతుంది, తెల్లారి అయిదింటికి మళ్లీ తనే కలుపుకుంటుంది. నెలాఖరులో డేటా బిల్లు, వైఫై గొడవ నేను పడ్డాను.

పెరుగన్నం:
వైఫైకీ దొంగతనానికీ సంబంధమేంటి?

రిపేర్_కౌంటర్:
మలక్‌పేట గారూ, ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎమ్ఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, బ్లాక్ చేశారా? ఎఫ్ఐఆర్ కాపీ ఉంటే ముందు ఆ పని చూడండి.

మలక్‌పేట_మలుపు:
చేశాను అన్నా. కానీ ఇక్కడ టార్చ్ టార్చ్ అంటున్నవాళ్లకు ఫోన్ పోతే తెలుస్తుంది. ఒకరి సౌకర్యం కోసం అందరి తలుపులూ తీసి పెట్టాలా?

జగిత్యాల_బిడ్డ:
మాట జాగ్రత్త. నాకు తెలియదని మీరెలా అంటారు? మా నాన్న రాత్రిళ్లు లోన్ కాల్స్ బాధ పడలేక ఏరోప్లేన్ మోడ్ పెట్టుకుని పడుకునేవాడు. అమ్మ దగ్గర అప్పటికి ఫోన్ లేదు. ఆ రాత్రి నాన్నకు చెమటలు పట్టి మాట పడిపోయింది. నాన్న ప్యాటర్న్ ఏంటో అమ్మకు తెలియదు. ఎమర్జెన్సీ కాల్ అనే బటన్ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పైనుంచి లాగి విమానం బొమ్మ తీసేసింది. షార్జా నుంచి మా అన్న రాత్రి డ్యూటీ దిగి రోజూ చేసే ఫోన్ అయిదు నిమిషాల్లో వచ్చింది. ఆకుపచ్చ బొమ్మ జరిపి ఎత్తింది. అన్న పక్కింటి వాళ్లను లేపాడు. నాన్న ఇప్పుడు బాగున్నాడు. మీరు పిన్ అడగాలంటున్నది ఆ విమానం బొమ్మకే.

పెరుగన్నం:
అక్కా, ముందే ఇది చెప్పాల్సింది.

మలక్‌పేట_మలుపు:
క్షమించండి మేడం, ఆ మాట అనకూడదు. మీ నాన్నగారు బాగున్నందుకు సంతోషం. కానీ అసలు తేడా ఇప్పుడు అర్థమైంది. మీ ఇంట్లో ఫోన్ ఇంటిది. నాది నా ఒక్కడిది. నా జీతం, బ్యాంకు, మా పాప ఫోటోలు అన్నీ అందులోనే ఉండేవి. నేను తప్ప ఎవరు ముట్టుకున్నా అది పరాయి చెయ్యే అనుకుని లాక్ పనిచేయాలి.

జగిత్యాల_బిడ్డ:
మా ఊళ్లో చాలా ఇళ్లలో ఒక ఫోన్‌ను నలుగురు వాడతారు అన్నా. లాక్ వేసింది ఒక్కరే అయినా ఆపదలో అది మిగతా ముగ్గురి చేతిలోనే ఉంటుంది. అలాంటి ఇంట్లో పరాయి చెయ్యి ఏదో కంపెనీ ఎలా చెబుతుంది?

రిపేర్_కౌంటర్:
ఆవిడ చెప్పింది నిజమే. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగానికి పైగా ప్యాటర్న్ చెప్పేది పిల్లలే. కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడే 'లాక్ ఉన్నప్పుడు నెట్‌వర్క్ బొమ్మలు పనిచేయాలా' అని తెలుగులో అడిగితే చాలు. వేలిముద్ర అడుగుతున్నారు కదా, ఇదీ అడగొచ్చు.

మలక్‌పేట_మలుపు:
అడిగితే ఒప్పుకుంటాను. అడగకపోతే మాత్రం మూసే ఉండాలి.

జగిత్యాల_బిడ్డ:
అడగకపోతే తెరిచే ఉండాలి. ఈ ఆదివారం ఊరికెళ్లి ఎమర్జెన్సీ కాల్ ఎక్కడుందో, 112 ఎలా నొక్కాలో అమ్మ చేత పదిసార్లు చేయిస్తాను. ఆమె ఫోన్‌లో ప్యానెల్ మాత్రం మూయను.

సిమ్‌ట్రే:
సిమ్ సంగతికి ఇంకా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.