మేడ మీద సోలార్ ఉన్న ఇంటికి బ్యాటరీ కూడా కావాలా?

హనుమకొండ గృహస్థు:
ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీతో మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. తీగల మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా, గ్రిడ్ సరఫరా ఆగగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుందట. కరెంటు పోయినా ప్యానెళ్లతో, బ్యాటరీతో ఇంటిని నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్‌కూ 5 కిలోవాట్ అవర్ల (అంటే 5 యూనిట్ల) లిథియం బ్యాటరీకీ కలిపి 1,60,000 రూపాయలవుతుందనీ, ఆ సొమ్ము బిల్లులోనే తిరిగొస్తుందనీ ఒక డీలరు అంటున్నారు. ఈ మాట నమ్మవచ్చా?

గుంటూరు, విశ్రాంత ఇంజనీరు:
నమ్మకండి. నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం మీరు పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్ రాత్రి వాడుకున్న యూనిట్‌కు చెల్లు అవుతుంది కాబట్టి, దాచిపెట్టే పని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఉచితంగానే చేసిపెడుతోంది. అదే యూనిట్‌ను బ్యాటరీలో దాచుకుంటే, ఎక్కించి దించడంలో పదో వంతు దాకా నష్టపోతారు. పైగా కేంద్రం బ్యాటరీకి వేరుగా రాయితీ ఇవ్వడం లేదు.

రేపు వేళను బట్టి ధరలు మారతాయి కదా అని డీలరు అడగవచ్చు. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటరున్న ఇళ్లకు సౌర వేళల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలి, రద్దీ వేళల్లో కనీసం 10 శాతం పెరగాలి. మామూలు ధర 8 రూపాయలనుకుంటే అది పగలు 6.40, సాయంత్రం 8.80 అవుతుంది, తేడా 2.40. బ్యాటరీతో రోజుకు 4 యూనిట్లు పగటి నుంచి సాయంత్రానికి మళ్లించినా ఏడాదికి మిగిలేది దాదాపు 3,500 రూపాయలే. ఆ లెక్కన పెట్టుబడి తిరిగిరావడానికి 45 ఏళ్లు పడుతుంది, చాలా కంపెనీలు ఇచ్చే వారంటీ మాత్రం పదేళ్లు!

మెల్‌బోర్న్ తెలుగువాడు:
ఇంజనీరుగారి లెక్క అక్కడికి సరిపోతుంది, ఇక్కడికి సరిపోదు. విక్టోరియాలో మేము గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు వచ్చేది నామమాత్రం, సాయంత్రం కొనే యూనిట్‌కు దానికి ఎన్నో రెట్లు చెల్లించాలి. అందుకే 2025 జులై నుంచి ఫెడరల్ ప్రభుత్వం సుమారు 30 శాతం తగ్గింపు ఇవ్వగానే జనం బ్యాటరీల కోసం బారులు తీరారు. కాలిఫోర్నియాలోనూ 2023 ఏప్రిల్‌లో ఎగుమతి ధరను బాగా కోసిన తరువాతే కొత్త సోలార్‌తో పాటు బ్యాటరీ పెట్టించుకోవడం మామూలైంది. ఇలాంటి దేశాల బ్యాటరీ వీడియోలు చూసి హనుమకొండలో లాభం లెక్కేసుకోవద్దు.

విశాఖ వాసి:
రూపాయల దగ్గరే ఆగిపోతున్నారు. మా నాన్నగారికి రాత్రంతా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడవాలి. అది సుమారు 350 వాట్లు లాగుతుంది. 4 యూనిట్లుంటే పదకొండు గంటలు గడుస్తాయి, మర్నాడు ఎండ రాగానే బ్యాటరీ మళ్లీ నిండుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేని ఈ ఊళ్లో, మామూలు ఇన్వర్టర్ ఒక్క పూటతో చేతులెత్తేసింది, ఆన్‌గ్రిడ్ ప్యానెళ్లు ఉన్నా అక్కరకొచ్చేవి కావు. ఇలాంటి ఇంటికి 45 ఏళ్ల లెక్క చెప్పి ఏం లాభం?

గుంటూరు, విశ్రాంత ఇంజనీరు:
మీ ఇంటికి బ్యాటరీ కావలసిందే, అందులో వాదం లేదు. నేను కాదన్నది బిల్లు తగ్గుతుందన్న డీలరు మాటను. గంటో రెండు గంటలో కోత ఉండే ఇంట్లో నాలుగు ఫ్యాన్లు, దీపాలు నడవడానికి మామూలు ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ చాలు. డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోకూడదు, అంతే.

హనుమకొండవారు ఎలాగూ లిథియమే కొనదలిస్తే, దాన్ని మేడ మీది రేకుల గదిలో పెట్టనివ్వకండి. నిండా చార్జై, వేడిలో ఊరికే పడి ఉన్న బ్యాటరీ వాడకపోయినా క్షీణిస్తుంది. 1 హార్స్‌పవర్ బోరు మోటారును బ్యాకప్ లైనుకు కలపవద్దు. స్టార్టయ్యే క్షణంలో అది మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగడంతో ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ చూపించి ఇల్లంతా ఆపేస్తుంది. ఉన్న ఇన్వర్టర్ తీసి హైబ్రిడ్ పెడితే డిస్కం అనుమతి మళ్లీ తీసుకోవాలా, ఆ పని ఎవరు చేస్తారు అన్నది డీలరు చేత కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.