అప్‌డేట్: అమ్మానాన్నలతో ఆర్లాండో వెళ్ళొచ్చాం

డెబ్బై దాటిన అమ్మానాన్నలు, ఆరేళ్ళ పాపతో జులైలో డిస్నీ వరల్డ్‌కి వెళ్తే లోపలి రిసార్ట్‌లో ఉండాలా, బయట హోటల్ సరిపోతుందా అని అడిగాను కదా. లోపలే తీసుకున్నాం. ఖర్చు గట్టిగానే తగిలింది, కానీ అక్కడ దిగినవాళ్ళని పార్కులోకి అరగంట ముందే పంపుతారు, ఎండ ముదరకముందే రెండు మూడు రైడ్లు అయిపోయేవి, మధ్యాహ్నం రూముకొచ్చి అందరం ఓ కునుకు తీసేవాళ్ళం, ఆ కునుకే లేకపోతే సాయంత్రం బాణసంచా దాకా ఎవ్వరం నిలబడేవాళ్ళం కాదు. ఫ్లోరిడా వేసవి కదా, మూడింటికల్లా ఉరుములు, మెరుపులు, బయటి రైడ్లన్నీ ఆపేస్తారు.

వీల్‌చైర్ వద్దంటే వద్దని మొదటిరోజు మొండికేసిన నాన్న రెండోరోజు తనే అడిగి కూర్చున్నారు. పులిహోర డబ్బా లోపలికి రానిచ్చారు (గాజు సీసాలు మాత్రం కుదరదు).

అమ్మకి కోటలూ రాకుమార్తెలూ ఆనలేదు. డిస్నీ వరల్డ్‌లోనే జంతువుల పార్కు, యానిమల్ కింగ్‌డమ్‌లో మహారాజా జంగిల్ ట్రెక్ అని ఉంటుంది, పాడుబడ్డ రాజమహల్ సెట్టింగులో పులులు. అక్కడే గంట కూర్చుంది. "దీనికోసం ఇంతదూరం రావాలా" అంటూనే!