ఫారం జవాబులు నేరుగా అందరి షీట్‌లోకి రావాలా, ఒకరు చూశాకే రావాలా?

విడవలూరు రైతు:
మన తీర మండలాల రొయ్య రైతులం కలిసి నడుపుతున్న సైట్‌లో గూగుల్ ఫారం ఉంది కదా. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ, గుంట ఎన్ని ఎకరాలు, జబ్బు లక్షణాలు, పట్టుబడి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), అమ్మిన రేటు అందులో నింపుతున్నాం. ఆ జవాబులు పడే షీట్‌ను అందరికీ తెరిచి, ఎవరైనా దిద్దుకునేలా పెట్టాలని కొందరు, ఒకరు సరిచూశాకే సైట్‌లో కనబడాలని కొందరు అంటున్నారు. నేను మొదటి పక్షం. వనామి రొయ్యకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలితే 3 నుంచి 10 రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు. ఎవరైనా జబ్బు గుంట నీళ్లు క్లోరిన్ కొట్టకుండా బకింగ్‌హామ్ కాలువలోకి వదిలితే, దిగువన మోటార్ పెట్టుకున్న నాకు ఆ కబురు ఆ రాత్రికే అందాలి. సరిచూసే మనిషి ఊళ్లో లేడని రెండు రోజులు ఆగితే ఇక ఆ షీట్ ఎందుకు?

ముత్తుకూరు టెక్నీషియన్:
అన్నా, వెంటనే కనబడాలన్న మాట నిజం. అందరూ దిద్దడం మాత్రం వద్దే వద్దు. ఫారం జవాబులు పడే ట్యాబ్‌లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కొత్త జవాబు వచ్చినప్పుడల్లా అక్కడ కొత్త వరస చేరుతుంది. పక్క కాలమ్‌లో మనం కిందికి లాగి పెట్టిన ఫార్ములా ఆ వరసకు అందదు. ఎకరాకు ఎంత సీడ్ పడిందో చూపే కాలమ్ మన షీట్‌లో సగం ఖాళీగా ఉన్నది అందుకే. అర్రేఫార్ములాగా పైన ఒక్కచోట రాస్తే కొత్త వరసలకూ లెక్క వస్తుంది. అంతకన్నా మేలు, వేరే ట్యాబ్‌లోకి క్వెరీ అనే ఫార్ములాతో కావలసిన కాలమ్‌లే తెచ్చుకోవడం. ఆ ట్యాబ్ పక్కన చేత్తో ఏమీ రాయకండి. వరసలు జరిగితే మీరు రాసింది ఇంకో రైతు గుంటకు అంటుకుంటుంది. జబ్బు లేని గుంట పక్కన జబ్బు అని పడితే ఆయనకు రేటు పోయినట్టే.

షీట్‌లో ఎవరేం చెరిపినా ఫారం దగ్గర అసలు జవాబులు అలాగే ఉంటాయి. లింక్ తీసేసి కొత్త షీట్‌కు కలిపితే పాతవన్నీ మళ్లీ వచ్చి పడతాయి. కానీ రాత్రిపూట మోటార్ వేయాలా వద్దా అని ఫోన్‌లో చూసే రైతుకు ఆ క్షణాన కనబడేదే సరిగ్గా ఉండాలి, రేపు బాగుచేస్తామంటే కుదరదు.

ఇందుకూరుపేట కౌలు రైతు:
మీరిద్దరూ మా సంగతి వదిలేశారు. ఫారంలో పేరు, ఫోన్ నంబరు తప్పనిసరి చేశారు. నేను జబ్బు అని రాస్తే సాయంత్రానికల్లా వ్యాపారులకు తెలుస్తుంది. తొందరగా పట్టాల్సిన సరుకని తెలిశాక రేటు ఎంత కోస్తారో చెప్పాలా? గుంట ఇచ్చిన ఆసామి కూడా చూస్తాడు. ఆ భయంతోనే మావాళ్లు జబ్బు గడి ఖాళీగా వదిలేస్తున్నారు. పేర్ల ట్యాబ్ దాచిపెట్టామంటున్నారు, షీట్‌ను కాపీ చేసుకుంటే అది బయటపడదా?

ముత్తుకూరు టెక్నీషియన్:
పడుతుంది అన్నా. మీరు అడిగింది న్యాయం. ట్యాబ్ దాచడం రక్షణ కాదు. పేర్లున్న షీట్ వేరే ఫైలుగా ఇద్దరి దగ్గరే ఉండాలి. సైట్‌లో చూపే ఫైలులోకి ఇంపోర్ట్‌రేంజ్‌తో (ఇంకో ఫైలు నుంచి గడులు తెచ్చే ఫార్ములా) ఊరు, కాలువ, తేదీ, లక్షణం మాత్రమే రావాలి. ఆ ఫైలులోనూ దిద్దే హక్కు అందరికీ ఇవ్వకూడదు. రెండు ఫైళ్లకూ ఒకసారి అనుమతి కలిపాక, అక్కడ దిద్దగలిగిన వాళ్లెవరైనా ఇంకో ఇంపోర్ట్‌రేంజ్ రాసి పేర్లు, నంబర్లు కూడా లాగేయొచ్చు.

విడవలూరు రైతు:
దిద్దే హక్కు సంగతి ఒప్పుకుంటున్నా. మధ్యలో మనిషి లేకుండా జబ్బు కబురు దానంతట అదే వస్తే నాకదే కావాలి. మరి పేరే లేనప్పుడు ఎవడో గిట్టక తప్పుడు కబురు పెడితే?

ముత్తుకూరు టెక్నీషియన్:
ఊరు, కాలువ డ్రాప్‌డౌన్‌లో పెడదాం, కౌంట్ గడిలో అంకెలే పడేలా చేద్దాం. దానితో పొరపాట్లు తగ్గుతాయి, అబద్ధం ఆగదు. అందుకని ల్యాబ్‌లో పీసీఆర్ (వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) చేయించారా అని ఒక ప్రశ్న చేరుద్దాం. చేయించలేదంటే అదీ పక్కనే కనబడుతుంది, చదివేవాళ్లు దాన్నిబట్టి జాగ్రత్త పడతారు. రేట్లు మాత్రం సరిచూశాకే పెట్టాలంటాను. అవి ఒక రోజు ఆగినా రొయ్య చావదు.

విడవలూరు రైతు:
రేట్ల దగ్గర ఒప్పుకోను. ఉదయం రేటు సాయంత్రానికి ఉండటం లేదు.

ఇందుకూరుపేట కౌలు రైతు:
రేట్లు తర్వాత తేల్చుకోండి. ముందు ఫోన్ నంబరు తప్పనిసరి తీసేయండి. ఈ పంట నుంచే మా కాలువ మీద వాళ్లందరి చేత నేను నింపిస్తాను.