పురిటి బిడ్డ విషయంలో ఫోన్ వైద్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న (మందస అల్లుడు)

మా బాబు పుట్టి ఇవాల్టికి ఆరో రోజు. పెద్దాపరేషన్. నిన్ననే డిశ్చార్జ్ చేశారు. పుట్టినప్పుడు 2 కిలోల 700 గ్రాములు, ఇంటికి పంపేటప్పుడు 2 కిలోల 500. మా ఆవిడని మందస దగ్గర పుట్టింట్లో దింపి, డ్యూటీ కోసం నేను విజయనగరం వచ్చేశాను. నర్సమ్మ ఒక నంబరిచ్చి, ఏ సందేహమొచ్చినా వీడియో కాల్ చేయమంది.

రాత్రంతా బాబు గంటకోసారి లేచి ఏడ్చాడట. పాలు చాలట్లేదని అత్తయ్య, డబ్బా పాలు పట్టమని పక్కింటావిడ. మా ఆవిడ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. బాబు కళ్లు కాస్త పచ్చగా ఉన్నాయంటున్నారు, వీడియోలో నాకు మామూలుగానే కనిపించాడు. డాక్టరుకి మాత్రం ఫోన్‌లో ఏం తెలుస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (నరసన్నపేట, ఇద్దరు పిల్లల తల్లి)

తమ్ముడూ, ముందు ఆ పచ్చదనం, అదే పసికామెర్ల సంగతి ఇవాళే తేల్చుకో. మా పాపకి నాలుగో రోజున ఇలాగే అయింది. పురిటి గదిలో కిటికీలు మూసి, బల్బు వెలుగులో వీడియో చూపించాం. "ఇలాగైతే నాకేం తెలియదమ్మా, బిడ్డని వీధి అరుగు మీదికి తీసుకురండి" అంది డాక్టరమ్మ. తెచ్చాక నుదుటి మీద వేలితో నొక్కి వదలమంది. తర్వాత ఛాతీ, పొట్ట, చివరికి అరికాలు. నొక్కిన ప్రతిచోటా, అరికాలితో సహా, పసుపు రాసినట్టుంది. "ఇక ఫోన్ పెట్టేసి బయల్దేరండి" అంది. శ్రీకాకుళంలో రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు, తగ్గిపోయింది. ఫోన్‌లో తేలని పనిని తేలదని చెప్పింది కాబట్టే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

పాల విషయంలో మాత్రం ఫోనే నన్ను గట్టెక్కించింది. వీడియోలో అదంతా చూపించడమేంటని మా అత్తగారు ఒప్పుకోలేదు. నర్సమ్మ ఏమీ అనుకోలేదు. తనే ఒక తువ్వాలు చుట్టి బిడ్డలా ఎత్తుకుని చూపించింది: నోరు బాగా తెరిచాకే పట్టించాలి, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లభాగం కూడా నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి రెండు చేతులతో అలాగే పట్టాను. అప్పటిదాకా చప్పరించే చప్పుడే, ఆ పూట గుటక వినిపించింది. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఒంటికి పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. మీ ఆవిడని తడిసిన పక్కగుడ్డలు లెక్కపెట్టమను.

జవాబు (ఏఎన్ఎం, బొబ్బిలి వైపు)

బాబూ, మొదటి వారంలో ఆ 200 గ్రాములు తగ్గడం మామూలే. పదో వంతు దాటి తగ్గితే చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి రావాలి. ఫోన్‌లో బరువు తూచలేం కదా. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి, త్రాసు, థర్మామీటర్ తెస్తుంది. రేపు ఏడో రోజు. ఆమె ఇంట్లో ఉండగానే ఆ నంబరుకి కాల్ చేయించు. నంబరు పలకకపోతే విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని (ప్రభుత్వ వీడియో వైద్యం) ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తారు, డబ్బులక్కర్లేదు.

బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, నిమిషానికి 60 దాటి ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా వీడియో కాల్ అంటూ కూర్చోవద్దు, 108కి చేయండి. తల్లికి రక్తం ఎక్కువగా పోయినా, జ్వరమొచ్చినా, భరించలేని తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా అంతే.

ఆ అమ్మాయి ఏడుపుని బాలింత నీరసం అని వదిలేయకండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, అంతకు ముందే మరీ దిగులుగా ఉన్నా, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కి, 14416కి చేయించు. రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు.

మందస అల్లుడు

అక్కా, అమ్మా, ఇద్దరికీ దండాలు. బాబుని అరుగు మీదికి తెచ్చి నర్సమ్మకి చూపించారు. ఛాతీ దాకా పచ్చగా ఉంది, అరికాళ్లు బాగున్నాయి. రేపు ఆశా కార్యకర్త బరువు తూచాక పలాసలో పిల్లల డాక్టరుకి చూపించమంది, ఈలోగా అరచేతులకి పాకినా, మగతగా ఉన్నా వెంటనే బయల్దేరమంది. నిన్న సాయంత్రం నుంచి ఏడు గుడ్డలు తడిపాడట. సెలవు అడిగాను, రాత్రి బండికి నేనూ వెళ్తున్నాను.