ఇంటర్ పిల్లాడు గది దాటి రావడం లేదు. ఆటకీ మనసుకీ ఉన్న లంకె మీ ఇళ్లలో ఎలా కనిపించింది?

సత్యనారాయణపురం నాన్న:
మావాడికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పదో తరగతి దాకా సాయంత్రమైతే షటిల్ రాకెట్ భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. కాలేజీలో చేరాక అది ఆగింది. ఇప్పుడు ఆదివారం కూడా గదిలోనే. పిలిస్తే "మూడ్ లేదు నాన్నా" అంటాడు. మొన్న రాకెట్ బయటికి తీస్తే గ్రిప్ జిగురుగా మారి నా చేతికి అంటుకుంది. ఎన్ని నెలలుగా ముట్టుకోలేదో అప్పుడు తెలిసింది. ఆట మానేసినందుకు దిగులా, దిగులు పట్టినందుకు ఆట మానేశాడా?

బ్రాడీపేట అమ్మ:
అన్నయ్యగారూ, మా పాప విషయంలో రెండూ నిజమే. నిద్ర చాలని రోజు, మార్కులు వచ్చిన రోజు స్కిప్పింగ్ తాడు ముట్టుకోదు. గెంతిన రోజు అన్నం దగ్గర తనంతట తనే కబుర్లు మొదలుపెడుతుంది. నేను చేసిన తప్పు ఒకటుంది. "లావైపోతున్నావు, కాస్త కదులు" అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు డాబా ఎక్కలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవ్వరం అనం. ఆరేసిన బట్టలు తీయడానికి ఇద్దరం పైకి వెళ్తాం, తాడు అక్కడే కొక్కేనికి ఉంటుంది.

పీఈటీ మాస్టారు, గుంటూరు:
5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 11–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మంది అంత కదలడం లేదని 2019లో వాళ్లే లెక్క చెప్పారు. అయితే గంట అని చెప్పి దిగులుగా కూర్చున్నవాణ్ణి లేపలేం. అసలు లేనిదానికంటే కొంచెమైనా మేలేనని అదే సంస్థ అంటుంది.

నేను గ్రౌండ్‌లో చూసింది చెప్తాను. ఉత్సాహం వచ్చాక ఆడదామని కూర్చున్న పిల్లాడు కూర్చునే ఉంటాడు. ముందు కాళ్లు కదలాలి, ఉత్సాహం పది నిమిషాలు పోయాక వస్తుంది. ఒక్కోరోజు రాదు కూడా, అప్పుడు బలవంతం చేయను. ఆట మనసును విరిచేయడం కూడా చూశాను, జట్టులోంచి తీసేసినప్పుడు, నలుగురిలో తిట్టినప్పుడు. అందుకే పోటీ లేనిదానితో మొదలుపెట్టండి. వేసవిలో మాత్రం మన ఎండలకు పొద్దున ఏడులోపే.

పటమట కుర్రాడు:
అంకుల్, నాకిప్పుడు పంతొమ్మిది. ఇంటర్ హాస్టల్లో చదివాను. అక్కడ నాకున్న వ్యాయామమంతా మెట్లు ఎక్కడం, దిగడం. పొద్దున లేచేసరికి గుండె మీద ఏదో బరువు పెట్టినట్టుండేది. సెలవులకు ఇంటికొస్తే మా బాబాయి మార్కులు అడగలేదు, "ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లొద్దాం పద" అన్నాడంతే. మూడు రోజులు నేను నోరు విప్పలేదు, ఆయనా కదిలించలేదు. నాలుగో రోజు గేట్ల దగ్గర నిలబడి నీళ్లు చూస్తూ మొత్తం చెప్పేశాను. పక్కపక్కన నడుస్తుంటే ఎదుటివాళ్ల మొహం చూడక్కర్లేదు కదా, అందుకే మాట పెగిలింది. మీరు కూడా తోడుగా వెళ్లండి, పంపించకండి.

నర్సమ్మ, విజయవాడ:
నడక మంచిదే, కానీ అన్నిటికీ అదే మందు కాదు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, నిద్రా ఆకలీ మారిపోవడం, ఇష్టమైనవి వదిలేయడం కనిపిస్తే మానసిక వైద్యుడికి చూపించండి. రక్తపరీక్ష కూడా చేయించండి. మనం బద్ధకం అనుకునేది ఒక్కోసారి రక్తహీనతో థైరాయిడో అవుతుంది. బతకాలని లేదన్న మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సత్యనారాయణపురం నాన్న:
అందరికీ నమస్కారం. ఆటకు రమ్మని ఈ వారం వాణ్ణి అడగలేదు. రాకెట్‌కి కొత్త గ్రిప్ చుట్టించి ఎప్పటి చోటే పెట్టాను. నిన్న పాల ప్యాకెట్లకి వెళ్తుంటే చెప్పులేసుకుని వెనకాలే వచ్చాడు. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద కాసేపు నడిచాం. తిరిగొచ్చేటప్పుడు రాత్రి రెండైనా నిద్ర పట్టడం లేదని వాడే చెప్పాడు. ఇన్నాళ్లూ ఫోన్ చూస్తున్నాడనుకుని కేకలేశాను. సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం.